పైపాట, కిందిపాట

జూన్ 2, ఉదయం 11

ఊ— ఇంకా ఉంది.

కెపాసిటర్లు రెండూ మార్చాను. వాల్వులు మార్చాను. ఎర్త్ తీగ ఊడదీసి మళ్ళీ బిగించాను. నాలుగు రోజులుగా పెద్దావిడ నోరు మూయడం లేదు. పాట లేనప్పుడు కూడా లోపలెక్కడో సన్నగా, ముక్కుతో తీసినట్టు, ఊ— అంటూనే ఉంది.

పెద్దావిడ అంటే మనిషి కాదు. మా హాల్లో ఉన్న మూడు జూక్‌బాక్సుల్లో, అంటే బటన్ నొక్కితే రికార్డు వేసి పాట వినిపించే పెట్టెల్లో, పెద్దది. మిగతా రెండూ పొట్టిది, మొండిది. ఆ పేర్లు మా ఆయన పెట్టారు. సోఫా ఉండాల్సిన చోట పొట్టిది ఉంది. వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలే అని అక్క అడిగితే, నిలబెడితే త్వరగా వెళ్ళిపోతారు అన్నాను. అక్క అప్పట్నుంచి ఫోనే చేస్తోంది.

ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, రిపేరు సెక్షన్లో పనిచేశాను. అది మూసేసిన ఏడాది ఒక స్క్రాపు షాపు ముందు పొట్టిది కనిపించింది. వెనక తలుపు తీసి చూస్తే లోపల అవే రిలే స్విచ్చులు, అవే తీగల కట్టలు. పుట్టింటి మనిషి కనిపించినట్టయింది. ఇంటికి తెచ్చేసుకున్నాను. ఈ పిచ్చి అలా మొదలైంది.

పెద్దావిడ మాత్రం నాది కాదు, క్లబ్బుది. ఇరవయ్యేళ్ళు స్టోర్ రూములో పడి ఉంది. వాళ్ళ పాత హాలు బాగుచేయించి ఈ నెల 27న మళ్ళీ తెరుస్తున్నారు. మొదటి పాట సెక్రటరీగారే నొక్కుతారట. వానపాట. ఆయన ఒకప్పుడు బ్యాండులో ట్రంపెట్ ఊదిన మనిషి. గుండుసూది పడితే అది ఏ సైజుదో చెప్పే చెవులు. ఈ ఊ— తో పంపితే గడప దాటకముందే పట్టుకుంటారు.

పక్కగదిలో మా ఆయన స్ట్రిప్పులు టైపు కొడుతున్నారు. ఒక్కో రికార్డుకి ఒక్కో కాగితం ముక్క. పై వరసలో ముందు వైపు పాట పేరు, కింది వరసలో వెనక వైపు పాట పేరు. ఇంట్లో మేము పైపాట, కిందిపాట అంటాం. బాగా తెలిసిన పాట ఎప్పుడూ పైన ఉండాలి, అది నా రూలు. రికార్డులు వంద, పాటలు రెండొందలు. ఆయన కోర్టులో టైపిస్టుగా రిటైరయ్యారు. వేళ్ళ కీళ్ళు నొప్పి కాబట్టి రోజుకి పది స్ట్రిప్పులే. పదకొండోది అడిగితే వాయిదా వేస్తారు.

జూన్ 3

ప్లగ్ పీకేశాను. ఊ— ఆగలేదు.

జూన్ 4

వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఉంది. బాత్రూములో పంపు తిప్పాను. నీళ్ళు పడుతున్నంతసేపు లేదు, కట్టేయగానే వచ్చింది. దిండు కింద తల పెట్టాను. అక్కడ ఇంకా బాగా ఉంది.

అంటే నాలుగు రోజులు నా చెవి రోగానికి పెద్దావిడకి కెపాసిటర్లు మార్చాను.

నవ్వొచ్చింది. తర్వాత అమ్మ గుర్తొచ్చింది.

జూన్ 5

అమ్మకి యాభై దాటాక వినికిడి పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు పక్కగది పోయింది, తర్వాత ఎదురుగా ఉన్న మనిషి పోయాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, పాపం ఏదో కొరుక్కుతింటున్నాడు అనుకున్నాడట. ఈ సామెతకి నేను యాక్షన్ చేసి చూపించేదాన్ని. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. అందరూ నవ్వుతున్నారు కదా అని అమ్మ కూడా నవ్వేది.

మెల్లిగా అమ్మకి చెప్పడం మానేశాం. ముందు జోకులు మానేశాం. అరిచి చెప్తే జోకు చచ్చిపోతుంది కదా. తర్వాత కబుర్లు మానేశాం. తర్వాత అడగడం కూడా మానేశాం. చివరికి భోజనానికి రమ్మని ఒక్కటే చెప్పేవాళ్ళం. అదీ నోటితో కాదు, భుజం తట్టి.

నాకు యాభై నాలుగు. చెప్తే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? చెవులు లేని మెకానిక్కి పెట్టె ఎవరిస్తారు? చెప్పను. ఎవరికీ చెప్పను. ఆయనకి అసలు చెప్పను.

జూన్ 8

పొద్దున ఆయన గుమ్మంలో నిలబడి చక్కెర కావాలన్నారు. ఒంట్లో షుగర్ పెట్టుకుని నోటితో చక్కెర అడుగుతారా అని పావుగంట దండకం చదివాను. డాక్టరు చెప్పింది గుర్తుచేశాను. వాళ్ళ అన్నయ్య కాలు గుర్తుచేశాను. ఆయన అలా నిలబడి వింటూనే ఉన్నారు. చివరికి నాకే జాలేసి, ఒక్క చెంచాయే సుమా అని డబ్బా చేతిలో పెట్టాను. ఆయన డబ్బా వంక చూశారు. నా వంక చూశారు. పుచ్చుకుని వెళ్ళిపోయారు.

జూన్ 10

చక్కెర డబ్బా ఆయన టైప్‌రైటర్ పక్కన అలాగే ఉంది. మూత తీయలేదు. చుట్టూ చీమలు చేరాయి.

పూర్తయిన స్ట్రిప్పులు చేతిలోకి తీసుకుని చూశాను. ఎప్పుడూ అంచులు నీటుగా ఉంటాయి. ఈ రెండు రోజులవి స్కేలు పెట్టి చింపినట్టున్నాయి.

ఆయన అడిగింది కత్తెర.

కత్తెర నా టూల్ డబ్బాలో ఉంది. తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టి, చక్కెర డబ్బా వెనక్కి తెచ్చాను. ఆయన కత్తెర తీసుకుని పక్క స్ట్రిప్పు కత్తిరించారు. మళ్ళీ ఎందుకు అడగలేదు? కత్తెర అని ఇంకోసారి అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? లేక అన్నారా? ఎన్నిసార్లు అన్నారు?

పొద్దుట్నుంచి ఇదే లెక్కేస్తూ ఉన్నాను. పని సాగలేదు.

జూన్ 12, మధ్యాహ్నం 3

రబ్బరు బెల్టులు కొనాలని ఆయనకి చెప్పి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. బీప్ వినబడినప్పుడల్లా నొక్కాలట. నాకు వినబడింది ఊ— ఒక్కటే. కానీ అద్దంలోంచి టెస్టు చేసే అమ్మాయి మోచెయ్యి కనిపిస్తోంది. ఆ పిల్ల బీప్ పంపినప్పుడల్లా మోచెయ్యి కొంచెం కదులుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళు రిలేలు చూసిన కళ్ళు ఇవి. మోచెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను.

ఫస్టు క్లాసులో పాసయ్యేదాన్ని. ఆ పిల్లకే అనుమానం వచ్చింది. చెయ్యి కదిపి, బీప్ పంపకుండా ఊరుకుంది. నేను నొక్కాను. లోపలికొచ్చి, మాట్లాడకుండా నా కుర్చీని గోడ వైపుకి తిప్పి వెళ్ళింది. చిన్నప్పుడు కాపీ కొడుతూ దొరికిపోయినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

రిపోర్టులో గీత మేడమెట్లు దిగినట్టు దిగింది. రెండు చెవులూ. కీచుగా ఉండే శబ్దాలు ముందు పోతాయట. మాటల్లో క, త, ప, చ లాంటివి జారిపోతాయట. కత్తెరకీ చక్కెరకీ తేడా అక్కడే ఉంది, నాకు డాక్టరు చెప్పక్కర్లేదు. లోపలి ఊ— పోయే గ్యారంటీ లేదట. మెషిన్లు పెట్టుకుంటే మాటలు చాలావరకు వస్తాయన్నారు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆయన బెల్టులు ఏవని అడిగారు. దొరకలేదన్నాను. రిపోర్టు మడిచి ఈ డైరీ అట్టలో పెట్టాను.

జూన్ 14

ఇవాళ బండి తిరిగి ఎక్కించాను. వంద రికార్డులు పుస్తకాల్లా నిలువుగా పేర్చి ఉంటాయి. వాటి ముందు పట్టాల మీద తిరిగి, కావాల్సిన రికార్డును పైకి లాగి, సూది ఆనించేది బండి. తుడవడానికి తీగలన్నీ ఊడదీశాను. తీసేముందు ప్రతి తీగకీ చీటీ కట్టాను. మూడొంతుల చీటీల మీద సిరా చెమటకి కారిపోయింది. అయినా ఫరవాలేదు, రంగులు చూసి కలిపేశాను. చేతులకి అలవాటే.

చివర ఒక జంట మిగిలింది, బూడిద రంగుదీ తెల్లదీ. తెల్లది పొట్టిగా ఉంది, దగ్గరగా ఉన్న ఎడమ పిన్నుకి వేశాను. బూడిదది కుడికి. జంట తీగలు ఎటు కలిపినా ఒకటే. ఎక్స్ఛేంజిలో రోజుకి వంద జంటలు కలిపేదాన్ని. ఎటు వేసినా ఫోను మోగుతుంది, మాట వస్తుంది.

కలుపుతున్నంతసేపు చెవుల గొడవ మర్చిపోయాను. ఈ నెలలో ఇదొక్కటే మంచి రోజు.

జూన్ 17

రెండొందల పాటలూ టెస్టు చేశాను.

ఇక్కడ నిజం రాయాలి. వినలేదు. వినాలంటే భయంగా ఉంది. విన్నప్పుడల్లా ఏదో ఒకటి తగ్గినట్టుంటుంది. మొన్న ఒక పాటలో తాళాలు లేవు. ఆ పాటలో తాళాలు ఉండేవి, నాకు తెలుసు. అందుకని వాల్యూము తగ్గించి, స్పీకరు దగ్గర చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఇంకో చేత్తో మీటరు పట్టుకుని, నొక్కుతూ పోయాను. చెయ్యి అదిరితే పాట వస్తున్నట్టు. ముల్లు ఊగితే బాగా వస్తున్నట్టు. టిక్కు. ఇంకోటి. టిక్కు.

వానపాట నొక్కినప్పుడు ఆయన టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అరచేతికి దడదడమని కొట్టుకుంటోంది. వానపాట ఇంత జోరుగా ఉంటుందనుకోలేదు. టిక్కు పెట్టాను. అది వానపాటేనా అని ఆయన అడిగారు. పెదవులు చూసి పోల్చుకున్నాను. కాక మరేమిటి, మీరు టైపు చేసిందేగా అన్నాను. ఆయన ఇంకో నాలుగు పాటలు అయ్యేదాకా అక్కడే ఉన్నారు. అన్నీ విని చూశావా అని అడిగారు. మీ పని మీరు చూసుకోండి, నా పని నేను చూసుకుంటాను అన్నాను. అంత కరుకుగా అనాల్సింది కాదు.

టీ చల్లారిపోయింది. తాగకుండానే తీసుకెళ్ళిపోయారు.

జూన్ 19

ఆయన గది తలుపు వేసి ఉంటోంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతున్నాయట. స్ట్రిప్పులన్నీ కొట్టడం అయిపోయాక ఇంకా ఏం కాగితాలు?

జూన్ 20

ఆయన కుడిచేతి వేళ్ళు వాచాయి. వాతావరణం మారింది అన్నారు. బయట నిన్నటి ఎండే ఇవాళా. మందు రాస్తానంటే వద్దన్నారు. తర్వాత ఆయనే వచ్చి చెయ్యి ముందు పెట్టారు.

జూన్ 21

చెత్తబుట్టలో అరిగిపోయిన టైపు రిబ్బన్ రీలు ఉంది. రెండు వారాల క్రితమే కొత్తది వేశారు, నేనే తెచ్చిచ్చాను.

ఏదో దాస్తున్నారు. ఒంట్లో బాగోలేదా? నా డైరీ చదివారా? రిపోర్టు మడత నేను పెట్టినట్టే ఉంది. మూడుసార్లు చూశాను. అక్కకి ఉత్తరం రాస్తున్నారేమో, వచ్చి దీన్ని చూడమని. అక్క వస్తుంది. వచ్చి నా భుజం తడుతుంది.

ఊ— ఇవాళ ఎక్కువగా ఉంది. కంగారుపడితే పెరుగుతుందని డాక్టరు చెప్పారు. పెరిగిందని ఇంకా కంగారు.

జూన్ 23

మార్కెట్‌కి వెళ్తుంటే పెద్దావిడ తాళంచెవి అడిగారు. ముందు అద్దం లోపలివైపు మరకలున్నాయట, తుడుస్తారట. ముప్ఫయ్యేళ్ళలో ఈయన ఒక అద్దం తుడవగా నేను చూడలేదు. ఇచ్చాను. తిరిగొచ్చేసరికి అద్దం తళతళలాడుతోంది. చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

జూన్ 25

పెద్దావిడ వెళ్ళిపోయింది. నలుగురు మోశారు. వ్యాను డ్రైవరు ఏదో అడిగాడు, ఆయన జవాబు చెప్పారు. హాల్లో నేల మీద చదరపు మచ్చ మిగిలింది.

జూన్ 27, సాయంత్రం 6

అయిపోయింది.

హాలు నిండా జనం. అంతమంది మాటలు నాకు ఒకటే హోరు. అందులో ఊ— కూడా మునిగిపోయింది, అదొక్కటే సుఖం. సెక్రటరీగారు రిబ్బను కత్తిరించి, పెద్దావిడ దగ్గరికెళ్ళి, స్ట్రిప్పుల మీద వేలు జరుపుతూ వెతికి, నొక్కారు. బండి కదిలింది. రికార్డు లేచింది. నేను సెక్రటరీగారి మొహాన్నే చూస్తున్నాను. ట్రంపెట్ మనిషి కళ్ళు మూసుకున్నారు. పాట అయ్యేదాకా తెరవలేదు.

తర్వాత నా దగ్గరికొచ్చి ఏదో అన్నారు. చాలాసేపు అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వి తలూపాను. మళ్ళీ ఏదో అడిగారు. మళ్ళీ ఊపాను. గంగిరెద్దు కూడా ఇంకొంచెం ఆలోచించి ఊపుతుంది.

బస్సులో మా ఆయన్ని మెల్లిగా కదిపాను, సెక్రటరీగారు భలే సరదా మనిషి కదా అని. ఆయన నా వైపు పూర్తిగా తిరిగి, నింపాదిగా, ఒక్కో మాట విడివిడిగా చెప్పారు. స్టోర్ రూములో ఇంకో పెట్టె ఉందట, పెద్దావిడ తర్వాతిది. అది కూడా బాగుచేస్తారా అని అడిగారట. నేను ఒప్పుకున్నానట.

జూలై 1, మధ్యాహ్నం 12

చెల్లెలు వచ్చింది, అదే, క్లబ్బు రెండో పెట్టె. పెద్దావిడ కంపెనీయే, అదే మోడలు. దీన్ని ఎవరూ విప్పలేదు, సీళ్ళు అలాగే ఉన్నాయి. వెనక తలుపు తీసి బండి చూశాను.

బూడిద తీగ ఎడమ పిన్నుకి ఉంది. తెల్లది కుడికి.

ఈ డైరీయే వెనక్కి తిప్పాను. జూన్ 14. తెల్లది పొట్టిగా ఉందని ఎడమకి వేశాను. జంట ఎటు కలిపినా ఒకటే అని నా చేత్తో నేనే రాసుకున్నాను. ఫోనుకి ఒకటే. ఈ పెట్టెకి ఒకటి కాదు. ఆ రెండు తీగలే పైపాటా కిందిపాటా అని తేల్చేవి. తారుమారైతే పైన నొక్కితే కిందది, కింద నొక్కితే పైది. రెండొందల పాటలూ తప్పు. ఒక్కటి కూడా రైటు కాదు.

దడదడమని కొట్టుకుంది వానపాట కాదు. ఆ రికార్డు వెనక వైపున్న రైలుపాట.

మధ్యాహ్నం 2

సెక్రటరీగారు కళ్ళెందుకు మూసుకున్నారో ఇప్పుడు తెలిసింది. బాధకి. పెద్ద మనిషి కాబట్టి ఊరుకున్నారు. హాలంతా విన్నారు. వానపాట నొక్కితే రైలు వచ్చిందని అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను మధ్యలో నిలబడి నవ్వాను. అందరూ నవ్వుతున్నారు కదా అని.

అమ్మా.

జూలై 2, మధ్యాహ్నం 1

పొద్దున్నే ఆయనకి చెప్పకుండా క్లబ్బుకి వెళ్ళాను. వాచ్‌మన్ తలుపు తీశాడు. హాల్లో ఎవరూ లేరు. వెనక తలుపు తీసి చూశాను. తెల్లది ఎడమకే ఉంది. తప్పు తప్పే.

ముందుకొచ్చి స్ట్రిప్పులో వానపాట వెతికి, దాని పక్క బటన్ నొక్కి, వాల్యూము పూర్తిగా పెంచి, స్పీకరు జాలీకి చెవి అతికించి ఒంగి నిలబడ్డాను. పైన చినుకులు పడుతున్నట్టు వాయించే భాగం నాకు రాలేదు. కానీ గొంతు వచ్చింది. నెమ్మదిగా, బరువుగా, వానపాటే. రైలు కాదు.

ఇంకోటి నొక్కాను. సరిగ్గానే వచ్చింది. ఇంకో ఆరు. అన్నీ సరే. తీగలు తప్పు, పాటలు రైటు. నేల మీద కూర్చున్నాను.

కూర్చున్నాక స్ట్రిప్పు సరిగ్గా ఎదురుగా వచ్చింది. పైన రైలుపాట. కింద వానపాట.

వానపాట పైన ఉండాలి. లిస్టు నేనే రాసిచ్చాను. బాగా తెలిసిన పాట పైన. పక్క స్ట్రిప్పు చూశాను, దాని పక్కది చూశాను, వరసగా వందా చూశాను. అన్నిట్లోనూ పైది కిందికి వచ్చింది, కిందిది పైకి వెళ్ళింది. అక్షరాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొత్త రిబ్బన్.

సాయంత్రం 4

ఆయన సొరుగులో పాత వంద స్ట్రిప్పులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. కొన్నిటికి స్కేలుతో చింపిన అంచులు.

తలుపు వేసుకున్న నాలుగు రోజులు. వాచిన వేళ్ళు. రిబ్బన్. అద్దం. రోజుకి పది దాటని మనిషి రోజుకి పాతిక కొట్టారు.

అది కోర్టు టైప్‌రైటర్. ఇనుపది. ఒకప్పుడు దాని చప్పుడుకి పక్కింటివాళ్ళు గోడ బాదేవాళ్ళు. వరస చివర గంట మోగితే వంటింట్లోంచి నేను విసుక్కునేదాన్ని.

ఆ నాలుగు రోజులూ నేను హాల్లోనే ఉన్నాను. మధ్యలో ఒక్క తలుపు. నాకు ఒక్క అక్షరం వినబడలేదు.

జూలై 3

రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టాను. చదివారు. కోర్టు కాగితంలా రెండు వైపులా చూసి మడిచి ఇచ్చారు.

ఆయనకి నా చెవుల సంగతి చక్కెర నాడే తెలిసిందట. పాటలు తారుమారయ్యాయని పదిహేడున గుమ్మంలో నిలబడి ఉండగా తెలిసిందట. మరి చెప్పొచ్చుగా అని అరిచాను. చెప్తే ఆ రోజే మూడు పెట్టెల మీదా దుప్పట్లు కప్పేసి, ఇక నావల్ల కాదని కూర్చుంటావు కదా అన్నారు. నిజమే. కప్పేసేదాన్ని. తీగలు మార్చడం తనకి రాదట, అక్షరాలే వచ్చట, అందుకని అక్షరాలు మార్చారట.

వేళ్ళ సంగతి ఎత్తాను. అర్జెంటు కేసు, వాయిదా కుదరలేదు అన్నారు. నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అమ్మ సంగతి మొత్తం చెప్పాను. శంఖం యాక్షన్ కూడా చెప్పాను. ముప్ఫయ్యేళ్ళలో ఎవరికీ చెప్పలేదు అది. ఆయన విన్నారు.

పక్కగదిలోనే ఉన్నాను కదా, చప్పుడు విని పట్టుకుంటానని భయం వేయలేదా అని అడిగాను. ఆయన నా వైపు తిరిగి, నాకు అందేలా మెల్లిగా చెప్పారు. గంట మోగినప్పుడల్లా తలుపు వైపు చూసేవారట. తిట్టడానికైనా వస్తానేమో అని.

జూలై 6

ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెవుల్లో మైనం లాంటిది పోసి కొలతలు తీసుకున్నారు. మెషిన్లు రావడానికి రెండు వారాలు పడుతుందట. టెస్టు పిల్ల నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఈసారి కుర్చీ నేనే గోడ వైపుకి తిప్పుకున్నాను. ఊ— మీద ఆశ పెట్టుకోవద్దని మళ్ళీ చెప్పారు. ఆ ఊ— తో బతకడం వస్తుందో రాదో నాకింకా తెలియదు. భయం పోలేదు.

వచ్చేటప్పుడు క్లబ్బు దగ్గర ఆగాం. సెక్రటరీగారికి ఉన్నదున్నట్టు చెప్పాను, చెవుల సంగతీ, తీగల సంగతీ. నా బదులు మా ఆయన్ని మాట్లాడనివ్వలేదు. సెక్రటరీగారు తన ఎడమ చెవి చూపించారు. ట్రంపెట్ల మధ్య కూర్చుని అది ఎప్పుడో పోయిందట. కుడిదానితో నెట్టుకొస్తున్నారట. చెల్లెల్ని వెనక్కి తీసుకెళ్ళే మాట ఎత్తలేదు.

తీగలు సరిచేద్దామని స్క్రూడ్రైవర్ తీశాను. మా ఆయన మొహం చూసి మళ్ళీ లోపల పెట్టేశాను. తర్వాత విప్పే మెకానిక్ కోసం వెనక తలుపు లోపల సుద్దతో రాశాను: జంట తారుమారు. స్ట్రిప్పులు కూడా. ముట్టుకోవద్దు.

జూలై 9, మధ్యాహ్నం 1:20

చెల్లెలి బండి తుడుస్తూ వెనక్కి తిరిగేసరికి టూల్ డబ్బా మీద ఒక స్ట్రిప్పు ఉంది.

పైన: భోజనం వడ్డించాను.

కింద: మూడుసార్లు పిలిచాను.